గోమా చుట్టూ సంధి కాగితాలు: తుపాకులు ఆగడం వేరు, జనం ఇంటికెళ్లడం వేరు

2013 నవంబర్ 5న తూర్పు కాంగోలో ఒక తిరుగుబాటు ముగిసింది. ఎం23 అనే గ్రూపు ఏడాదిన్నర పాటు ఉత్తర కివు ప్రావిన్సుని అల్లకల్లోలం చేసి, ఆఖరికి కొండల మీద మిగిలిన రెండు మూడు స్థావరాలు కూడా పోయాక, ఇక తుపాకులు దించేస్తున్నాం అని ప్రకటన ఇచ్చింది. ఆఫ్రికాలో దౌత్యం పనిచేసింది అని చెప్పుకోడానికి దొరికిన మంచి ఉదాహరణ అని అప్పట్లో చాలామంది రాశారు కూడా. పదకొండేళ్లు దాటాక, 2025 జనవరి ఆఖర్లో అదే ఎం23 ఆ ప్రావిన్సు రాజధాని అయిన గోమా నగరాన్ని మళ్లీ పట్టుకుంది, 2012లో అయితే పదకొండు రోజులకే ఖాళీ చేసి పోయింది, ఈసారి పోలేదు. పన్నులు వసూలు చేస్తోంది, సొంతంగా గవర్నర్ని పెట్టుకుంది, పోలీసుల్ని తయారు చేసుకుంటోంది.

మరి మధ్యలో జరిగిన చర్చలన్నీ ఏమయ్యాయి? కంపాలా, అడిస్ అబాబా, నైరోబీ, లువాండా, దోహా, వాషింగ్టన్... ఈ ఊళ్ల పేర్లన్నీ ఈ ఒక్క గొడవ ఫైల్లోనే ఉన్నాయి. సంతకాలకి లోటేమీ లేదు. ఈ కాగితాల్ని వరసపెట్టి చూస్తే ఒక విషయం మాత్రం కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ప్రతిదాంట్లోనూ సైన్యాలు ఎక్కడికి వెళ్లాలి, ఫైటర్లకి క్షమాభిక్ష ఎలా, ఎవరికి ఏ ర్యాంకు అనే లెక్క ముందు తేలుతుంది, నిర్వాసితులు ఎలా తిరిగెళ్లాలి అనేది చివర్లో ఒక పేరాగా వస్తుంది. తమాషా ఏంటంటే ఈ యుద్ధం పుట్టిందే ఆ చివరి పేరాలోంచి.

కొంచెం వెనక్కి వెళ్లాలి. మసిసి, రుట్షురు అని ఉత్తర కివులో రెండు ప్రాంతాలున్నాయి, పచ్చటి కొండలు, మంచి నేల, పశువులకి మేత. బెల్జియం వాళ్లు పాలించేటప్పుడు 1937 నుంచి 1955 దాకా రువాండా నుంచి వేలాది కుటుంబాల్ని తోటల్లో పనికోసం మసిసికి తెచ్చి దించారు. రుట్షురులో అంతకుముందు నుంచే రువాండా భాష మాట్లాడేవాళ్లు ఉన్నారు. వీళ్లందర్నీ కలిపి బన్యారువాండా అంటారు, ఇందులో హుటూ, టుట్సీ అనే రెండు తెగలవాళ్లూ ఉన్నారు. అక్కడ భూమి అనేది సంప్రదాయ పెద్దల చేతిలో ఉండేది, బయటి నుంచి వచ్చినవాళ్లకి అలాంటి పెద్దరికం లేదు, దున్నుకోవచ్చు కానీ నీది కాదు అన్న పరిస్థితి. 1972లో ఒక చట్టం వీళ్లకి పౌరసత్వం ఇచ్చింది, 1981లో ఇంకో చట్టం లాక్కుంది. ఈ రెండిటి మధ్యలో పలుకుబడి ఉన్న కొందరు పెద్ద పెద్ద పశువుల ఎస్టేట్లు రాయించేసుకున్నారు, ఆ కొండల మీద అప్పటిదాకా సాగు చేసుకుంటున్న చిన్న రైతులకి కడుపు మండింది. 1993కల్లా మసిసిలో కొట్లాటలు, ఊళ్లు తగలబెట్టడాలు మొదలైపోయాయి.

అప్పుడొచ్చింది 1994. రువాండాలో వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని, ఎక్కువగా టుట్సీలని, ఊచకోత కోశారు. ఆ పని చేసిన ప్రభుత్వం ఓడిపోయి పారిపోయేటప్పుడు తనతోపాటు లక్షల మంది హుటూ జనాన్ని కూడా సరిహద్దు దాటించింది. జులైలో కొద్ది రోజుల్లోనే దాదాపు 10 లక్షల మంది గోమా చుట్టుపక్కల వచ్చి పడ్డారు, కలరా వచ్చి వేలల్లో చనిపోయారు. ప్రపంచం మొత్తం సాయం పంపింది, కానీ క్యాంపుల లోపల పెత్తనం చేసింది పాత సైనికులు, మిలీషియాలే. అంటే రేషన్ పిల్లలకీ అందింది, చంపినవాళ్లకీ అందింది, వాళ్లు అదే తిని మళ్లీ దాడులకి ప్లాన్లు వేశారు. వీళ్ల రాకతో ఇక్కడి టుట్సీల బతుకు ఇంకా దుర్భరమైంది, 1996లో మసిసి నుంచి వాళ్లని తరిమితే రువాండాలోకి పారిపోయారు. అలా పారిపోయినవాళ్ల కోసం 1996 డిసెంబర్లో రువాండాలో పెట్టిన కిజీబా క్యాంపు ఈనాటికీ ఉంది. అక్కడ పుట్టిన పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, వాళ్లకీ పిల్లలు పుట్టారు.

ఇక్కడే ముడి పడింది. హుటూ మిలీషియాలో మిగిలినవాళ్లు కాంగో అడవుల్లో ఉండిపోయి తర్వాత ఎఫ్‌డీఎల్ఆర్ అనే సాయుధ గ్రూపు అయ్యారు. వాళ్లున్నంత కాలం మాకు భద్రత లేదు అనేది రువాండా వాదన. మా జనం రువాండా, ఉగాండా క్యాంపుల్లో మగ్గుతున్నారు, వాళ్లని సొంతూళ్లకి తీసుకురావాలి అనేది ఎం23 చెప్పే కారణం. కాంగో వైపు చూస్తే, ఎం23 తరిమేసిన లక్షల మంది అదే మసిసి, అదే రుట్షురు నుంచి వచ్చి గోమా చుట్టూ పడున్నారు, వాళ్లు ఇంటికెళ్లాలంటే ఎం23 పోవాలి. రెండు నిర్వాసిత జనాలు, ఒకటే కొండలు. ముందు ఎవరు తిరిగెళ్తే వాళ్లదే పొలం.

2012 కథకి వద్దాం, ఎందుకంటే ఒక్కసారైనా ఎలా పనిచేసిందో చూస్తేనే తర్వాత ఎందుకు పనిచెయ్యలేదో అర్థమవుతుంది. దానికి ముందు లారెంట్ ఎన్‌కుండా అనే జనరల్ సీఎన్‌డీపీ పేరుతో తిరుగుబాటు నడిపాడు, 2008లో గోమా గుమ్మం దాకా వచ్చాడు, నైజీరియా మాజీ అధ్యక్షుడు ఒబసాంజో మధ్యవర్తిగా తిరిగాడు. 2009 జనవరిలో రువాండానే అతన్ని పట్టుకుని లోపలేసింది. మార్చి 23న ఒప్పందం అయింది, ఫైటర్లని యూనిఫాం మార్చి కాంగో సైన్యంలో కలిపేశారు. కలిపారు అంటే పేరుకే, వాళ్ల కమాండర్లు వాళ్లకే ఉన్నారు, వాళ్ల గనులు, వాళ్ల చెక్‌పోస్టులు వాళ్లవే. 2012 ఏప్రిల్‌లో వాళ్లని తూర్పు నుంచి వేరే చోటికి బదిలీ చేస్తారన్న మాట రాగానే తిరగబడ్డారు. ఆ మార్చి 23 ఒప్పందాన్ని ప్రభుత్వం తుంగలో తొక్కింది అని చెప్పి, ఆ తేదీనే పేరుగా పెట్టుకున్నారు, ఎం23.

నవంబర్ 20న గోమా పడిపోయింది. అప్పటికి కాంగో మొత్తం మీద 17,000 మంది యూఎన్ సైనికులు ఉన్నారు, నగరంలో ఉన్నవాళ్లు అలా చూస్తుండగానే ఎం23 నడుచుకుంటూ లోపలికొచ్చింది. పౌరుల్ని కాపాడాలి అన్నది వాళ్ల పనే, కానీ సొంత సైన్యమే పారిపోయిన ఊరికోసం మేం యుద్ధం చెయ్యాలా అన్నది వాళ్ల సందేహం. గోమా ప్రజలకి ఆ సందేహం అర్థం కాలేదు, ఆ కోపం ఇప్పటికీ పోలేదు. మన దేశానికి కూడా ఆ కోపం సెగ తగిలింది, ఉత్తర కివులో ఏళ్ల తరబడి పనిచేసిన యూఎన్ దళాల్లో భారత సైన్యానిది పెద్ద వాటా, 2022 జులైలో యూఎన్ వ్యతిరేక నిరసనలు చెలరేగినప్పుడు బుటెంబోలో ఇద్దరు బీఎస్ఎఫ్ జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గోమా పడ్డాక మాత్రం అన్నీ ఒకేసారి కదిలాయి, అసలు కిటుకు ఇదే. మొదటిది డబ్బు. రువాండా నుంచి ఎం23కి సైనికులు, ఆయుధాలు వస్తున్నాయని యూఎన్ నిపుణుల బృందం రిపోర్టు ఇచ్చింది (రువాండా కాదంది, తర్వాత ఏళ్లలోనూ కాదనే అంటూ వచ్చింది). అమెరికా, బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ సాయం ఆపడమో వాయిదా వెయ్యడమో చేశాయి, బ్రిటన్ ఒక్కటే నవంబర్లో 2.1 కోట్ల పౌండ్లు నిలిపేసింది. అప్పట్లో రువాండా బడ్జెట్లో విదేశీ సాయం చాలా పెద్ద భాగం, కాబట్టి దెబ్బ సూటిగా తగిలింది. డిసెంబర్లో ఒబామా స్వయంగా రువాండా అధ్యక్షుడు కగామేకి ఫోన్ చేశాడు. రెండోది చర్చల టేబుల్, గ్రేట్ లేక్స్ దేశాల కూటమి తరఫున ఉగాండాలోని కంపాలాలో డిసెంబర్ నుంచి మాటలు మొదలయ్యాయి, ఉగాండా రక్షణ మంత్రి క్రిస్పస్ కియోంగా మధ్యవర్తి. ఉగాండా మీద కూడా ఎం23కి సాయం చేసిందన్న ఆరోపణ ఉంది, అయినా సరే అదే పెద్దమనిషి, ఈ ప్రాంతంలో అలాగే నడుస్తుంది. మూడోది 2013 ఫిబ్రవరి 24న అడిస్ అబాబాలో 11 దేశాలు సంతకం పెట్టిన ఒప్పందం, పక్కదేశం తిరుగుబాటుదారులకి సాయం చెయ్యం అని అందరూ రాసిచ్చారు, కాంగో తన సైన్యాన్ని, పాలనని బాగుచేసుకుంటానని రాసిచ్చింది. దీని మీద కాపలాకి ఐర్లండ్ మాజీ అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్‌ని యూఎన్ ప్రత్యేక దూతగా వేశారు. నాలుగోది బలం. మార్చి 28న భద్రతా మండలి 2098 తీర్మానంతో 3,069 మందితో ఒక ఇంటర్వెన్షన్ బ్రిగేడ్ పెట్టింది, దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులు, వీళ్లకి మాత్రం ఎదురుదాడి చేసే అధికారం ఇచ్చారు.

ఈ నాలుగూ విడివిడిగా ఉంటే ఏ ఒక్కటీ పనిచేసేది కాదు. కంపాలా చర్చలు నెలల తరబడి ఈడ్చుకుంటూ పోయాయి, ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు, ఆగస్టులో బ్రిగేడ్ ఫిరంగులు పేలాకే ఊపొచ్చింది. అలాగని ఒక్క బ్రిగేడ్ వల్లే అయిందనుకోడానికీ లేదు, అక్టోబర్లో కాంగో సైన్యం ఆఖరి దాడి మొదలెట్టినప్పుడు సరిహద్దు అవతల నుంచి ఎం23కి ఎప్పటిలా సాయం రాలేదు, కథ మలుపు తిరిగింది అక్కడే. వారం పది రోజుల్లో కిబుంబా, రుట్షురు, బునగాన అన్నీ ఖాళీ అయిపోయాయి. నాయకుడు సుల్తానీ మకెంగా వెయ్యికి పైగా మనుషులతో ఉగాండాలో లొంగిపోయాడు. అంతకుముందే గ్రూపు లోపల చీలిక వచ్చి బోస్కో ఎన్‌టగాండా ప్రాణభయంతో మార్చిలో రువాండా రాజధాని కిగాలీలోని అమెరికా ఎంబసీకి నడుచుకుంటూ వెళ్లి నన్ను హేగ్‌లోని అంతర్జాతీయ నేర కోర్టుకి పంపండి అన్నాడు, తర్వాత అక్కడ అతనికి 30 ఏళ్లు శిక్ష పడింది.

డిసెంబర్ 12న నైరోబీలో ముగింపు. అక్కడ కూడా ప్రభుత్వం, ఎం23 కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టలేదు, ఓడిపోయినవాడితో ఒప్పందం ఏంటి అని కాంగో పట్టుబట్టడంతో ఎవరి ప్రకటన మీద వాళ్లు సంతకం పెట్టారు. చిన్న విషయంలా ఉంటుంది, కానీ తర్వాత జరిగినదానికి ఇదే విత్తనం.

ఎందుకంటే గెలిచాక చెయ్యాల్సిన పని ఎవరూ చెయ్యలేదు. ఎం23 అయ్యాక బ్రిగేడ్ ఎఫ్‌డీఎల్ఆర్ మీదకి వెళ్లాలి, అదీ ప్లాను, రువాండాకి చెప్పిన మాట కూడా అదే. 2015 ప్రారంభంలో ఆపరేషన్ సిద్ధమయ్యేసరికి, దానికి కాంగో నియమించిన ఇద్దరు జనరల్స్ మీద మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలున్నాయని యూఎన్ మద్దతు ఆపేసింది, కాంగో సరే మేమే చేసుకుంటాం అంది, ఎఫ్‌డీఎల్ఆర్ అక్కడే ఉండిపోయింది. 2014లో క్షమాభిక్ష చట్టం వచ్చింది కానీ ఉగాండా క్యాంపులో ఉన్న ఎం23 ఫైటర్లని వెనక్కి తేవడం నత్తనడక నడిచింది, విసుగెత్తి మకెంగా కొద్దిమందితో 2017లో మళ్లీ కొండలెక్కేశాడు. ఎం23 ప్రతినిధులు 2020 నుంచి ఏడాదికి పైగా కాంగో రాజధాని కిన్షాసాలో కూర్చుని ప్రభుత్వంతో మాట్లాడే ప్రయత్నం చేశారు, ఏమీ తేలలేదు. శరణార్థులు తిరిగి రావడం? మూడు దేశాల మీటింగులు జరిగాయి, మినిట్స్ రాసుకున్నారు. కిజీబా క్యాంపు అలాగే ఉంది.

2021 నవంబర్లో మళ్లీ తుపాకులు మోగాయి, 2022 జూన్ 13న ఉగాండా సరిహద్దులోని బునగాన పోయింది. ఈసారి దౌత్యం తక్కువేమీ కాదు, నిజానికి ఎక్కువైపోయింది. అప్పటి కెన్యా అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా నైరోబీలో కాంగో ప్రభుత్వానికీ సాయుధ గ్రూపులకీ మధ్య ఒక టేబుల్ నడిపాడు, ఏప్రిల్లో మొదలెట్టిన కొద్ది రోజులకే ఎం23ని అందులోంచి బయటకి పంపేశారు. అంగోలా అధ్యక్షుడు లొరెన్సో లువాండాలో కాంగోకీ రువాండాకీ మధ్య ఇంకో టేబుల్ నడిపాడు, అక్కడ కూడా ఎం23 లేదు. అంటే ఒక టేబుల్ దగ్గర యుద్ధం చేసేవాడు లేడు, రెండోదాంట్లో నేను యుద్ధంలోనే లేను అనేవాడు కూర్చున్నాడు. 2024 జులైలో లువాండాలో కాల్పుల విరమణ కుదిరితే ఎం23 ఏమంది, మేం సంతకం పెట్టలేదు కదా, మాకు సంబంధం లేదు అంది. లాజిక్ పరంగా తప్పు పట్టడానికేమీ లేదు.

సైనికంగా కూడా అంతే. 2022 నవంబర్లో తూర్పు ఆఫ్రికా కూటమి దళం వచ్చింది, వాళ్లు ఎం23తో కొట్లాడతారని కాంగో అనుకుంది, వాళ్లేమో మధ్యలో నిలబడి ఊళ్లు అప్పగింత తీసుకుంటాం అన్నారు, ఏడాది తిరిగేసరికి పొమ్మన్నారు. 2023 డిసెంబర్లో దక్షిణ ఆఫ్రికా దేశాల దళం వచ్చింది. ఈలోగా యూఎన్ దళాన్ని కూడా కాంగో ప్రభుత్వమే వెళ్లిపోమంది, 2024 జూన్ నాటికి దక్షిణ కివు నుంచి అది వెళ్లిపోయింది కూడా. సైన్యానికి తోడుగా వజలెండో అనే స్థానిక మిలీషియాల్ని ప్రభుత్వం దువ్వింది, ఎఫ్‌డీఎల్ఆర్ వాళ్లతో కూడా చేతులు కలిపింది. అలా చేశాక రువాండా వాదనకి కొత్తగా సాక్ష్యం వెతుక్కునే అవసరమే లేకపోయింది.

2012లో పనిచేసిన డబ్బు ఒత్తిడి ఈసారి చాలాకాలం రాలేదు. రువాండా అప్పటికి ఆఫ్రికాలో అందరికీ కావాల్సిన దేశం అయిపోయింది, మొజాంబిక్‌లోని కాబో డెల్గాడోలో జిహాదీల మీద దాని సైన్యమే కొట్లాడేది, దానికి యూరప్ డబ్బులిచ్చింది, యూఎన్ శాంతి దళాలకి ఎక్కువమందిని పంపే దేశాల్లో అదొకటి. 3,000 నుంచి 4,000 మంది రువాండా సైనికులు కాంగోలో ఉన్నారని 2024లో యూఎన్ నిపుణులు అంచనా వేశారు, అదే ఏడాది ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ రువాండాతో ఖనిజాల ఒప్పందం చేసుకుంది. ఫోన్లలో వాడే టాంటలమ్ కోసం తవ్వే కోల్టాన్ గనులున్న రుబాయా 2024 ఏప్రిల్ ఆఖర్లో ఎం23 చేతికి పోయింది, ప్రపంచ సప్లైలో సుమారు 15 శాతం ఇక్కడిదే అంటారు, దాని మీద పన్నుల రూపంలో నెలకి సుమారు 8 లక్షల డాలర్లు ఎం23కి వస్తున్నాయని అదే నిపుణుల లెక్క. అలాంటి గని చేతిలో ఉన్నవాడికి కాల్పుల విరమణ తొందర ఏముంటుంది.

ఈ ఏళ్లన్నీ జనం ఎక్కడున్నారు అంటే గోమా పక్కన లావా మీద. ఇది మాటవరసకి అన్నది కాదు, గోమా ఊరే నైరగోంగో అగ్నిపర్వతం పాదాల దగ్గరుంది, కన్యారుచిన్యా, బులెంగో, లుషగాలా లాంటి క్యాంపుల కింద ఉన్నది నల్లటి గట్టి లావా రాయి. మరుగుదొడ్డి గుంట తవ్వాలంటే గునపం దిగదు, కాబట్టి నేలమీదే కట్టాలి, నిండిపోతే ట్యాంకర్ వచ్చి తోడాలి, ట్యాంకర్ రాకపోతే కలరా. పడుకోడానికి రాళ్ల మీద ఆకులు పరిచి దానిమీద ప్లాస్టిక్ పట్టా. నాలుగు కర్రలు వంచి పైన టార్పాలిన్ కప్పితే అదే ఇల్లు, అందులో ఆరేడుగురు. వంటచెరుకు కోసం ఆడవాళ్లు విరుంగా పార్కు అడవిలోకి వెళ్లాల్సొచ్చేది, అక్కడ తుపాకీ పట్టుకున్నవాడు ఏ వైపు వాడైనా సరే అత్యాచారం భయం ఉండేది, ఆ క్యాంపుల క్లినిక్కుల్లో డాక్టర్లు ఏళ్లుగా ఈ విషయమే మొత్తుకున్నారు. కాపలా లేని దారిలో కట్టెలకి వెళ్లకపోతే పిల్లలకి తిండి లేదు. పౌరుల రక్షణ అని తీర్మానాల్లో రాసేదాన్ని ఇక్కడ నేలమీద చూస్తే, ఆ కట్టెల దారిలో వారానికి నాలుగుసార్లు పెట్రోలింగ్ ఉందా, లేకపోతే కట్టెల అవసరమే లేకుండా పొయ్యీ ఇంధనమూ ఎవరైనా ఇస్తున్నారా అనేదాకా దిగి రావాలి. ఇంకో సంగతి, ప్రభుత్వ సైన్యం ఫిరంగుల్ని ఈ క్యాంపుల పక్కనే మోహరించింది, అవతలి వాళ్లు వాటికి గురిపెట్టారు, 2024 మే 3న ముగుంగా దగ్గర క్యాంపుల మీద బాంబులు పడి పదుల్లో చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే.

2024 డిసెంబర్ 15న లువాండాలో కగామే, కాంగో అధ్యక్షుడు చిసెకెడి కలిసి సంతకం పెట్టాలి. ఎం23తో కాంగో నేరుగా మాట్లాడాలి అని రువాండా, చచ్చినా మాట్లాడం అని కాంగో, ఆఖరి నిమిషంలో మీటింగ్ క్యాన్సిల్. ఆరు వారాల్లో గోమా పోయింది. ఆ కొద్ది రోజుల్లోనే సుమారు 3,000 మంది చనిపోయారని యూఎన్ చెప్పింది, దక్షిణాఫ్రికా సైనికులే 14 మంది పోయారు. ఫిబ్రవరి మధ్యలో దక్షిణ కివు రాజధాని బుకావు కూడా పోయింది.

ఫిబ్రవరి రెండో వారంలో గోమా క్యాంపుల్లో ఉన్నవాళ్లకి ఎం23 నుంచి మాటొచ్చింది, 72 గంటల్లో ఖాళీ చేసి సొంతూళ్లకి పొండి, ఇప్పుడు అక్కడ శాంతి ఉంది కదా అని. కొన్నాళ్ల కింద లక్షల మంది ఉన్న చోట టార్పాలిన్లు ఊడదీసుకుని, కర్రలు కట్టలు కట్టుకుని, చుకుడు అనే చెక్క బండ్ల మీద సామాను పెట్టుకుని జనం సాకె, రుట్షురు దారి పట్టారు. అంతకుముందు రోజు దాకా అక్కడున్న నీళ్ల ట్యాంకులు, క్లినిక్కులు కూల్చేసో దోచేసో ఉన్నాయి. వెళ్లినచోట ఇల్లు లేదు, పొలంలో వేరేవాడు దున్నుతున్నాడు, ఎక్కడ పేలని బాంబు ఉందో తెలీదు. దీన్ని స్వచ్ఛందంగా తిరిగి వెళ్లడం అని ఎం23 అంటోంది. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం స్వచ్ఛందం అంటే వెళ్లను అనే ఛాయిస్ కూడా ఉండాలి. సరిగ్గా అదే టైంలో అమెరికా విదేశీ సాయం ఆగిపోయింది, 2024లో కాంగోకి వచ్చిన మానవతా సాయంలో దాదాపు 70 శాతం అమెరికాదే. గోమా ఎయిర్‌పోర్ట్ మూతబడింది. ఫిరంగి, ఆకలి, నిధుల కోత మూడూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి.

తర్వాత దౌత్యం చేతులు మారింది. ఫిబ్రవరి 21న భద్రతా మండలి 2773 తీర్మానంలో తొలిసారి రువాండా సైన్యం పేరెత్తి వెనక్కి పొమ్మంది, అమెరికా రువాండా మంత్రి జేమ్స్ కబరేబే మీద ఆంక్షలు పెట్టింది, మార్చి 17న యూరోపియన్ యూనియన్ కూడా ఎం23 నాయకుల మీద, రువాండా సైనికాధికారుల మీద ఆంక్షలు పెట్టింది. ఆ కోపంతో మర్నాడు లువాండాలో జరగాల్సిన చర్చలకి ఎం23 రానంది, కానీ అదే మర్నాడు ఎవరూ ఊహించని విధంగా కగామే, చిసెకెడి ఇద్దరూ ఖతార్ అమీర్ పక్కన దోహాలో కనపడ్డారు. వారం తిరక్కుండా లొరెన్సో ఇక నావల్ల కాదని తప్పుకున్నాడు, ఆఫ్రికన్ యూనియన్ టోగో అధ్యక్షుణ్ణి పెట్టింది, పేరుకి. అసలు పని రెండు చోట్ల, రువాండా కాంగో మధ్య వాషింగ్టన్‌లో, కాంగో ఎం23 మధ్య దోహాలో. పాత నైరోబీ, లువాండా పద్ధతే ఇది, ఊళ్లు మారాయి. ఒక్క తేడా మాత్రం నిజంగా పెద్దది, ఎం23ని ఎదురుగా కూర్చోబెట్టడానికి కాంగో ఒప్పుకుంది. రెండు నగరాలు పోయాక ఒప్పుకుంది, అది వేరే సంగతి.

జూన్ 27న వాషింగ్టన్‌లో విదేశాంగ మంత్రులు సంతకం పెట్టారు, ఎఫ్‌డీఎల్ఆర్‌ని కాంగో నిర్మూలించాలి, దాంతోపాటే రువాండా తన సైనిక చర్యలు ఎత్తెయ్యాలి, 90 రోజుల ప్లాను. రెండూ ఒకదానికొకటి ముడిపెట్టారు కాబట్టి నువ్వు ముందు అంటే నువ్వు ముందు. జులై 19న దోహాలో కాంగో, ఎం23 ఒక సూత్రాల ప్రకటన మీద సంతకం పెట్టాయి, ఆగస్టు 18కల్లా పూర్తి ఒప్పందం అన్నారు, ఆ తేదీ అలాగే దాటిపోయింది. ఆ సంతకాల వారంలోనే, జులై 9 నుంచి 21 మధ్య రుట్షురు పొలాల్లో కనీసం 319 మంది పౌరుల్ని ఎం23 చంపిందని యూఎన్ మానవ హక్కుల ఆఫీసు చెప్పింది, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పంట పనికి వెళ్లిన స్థానిక రైతులు. ఎం23 ఒప్పుకోలేదు. ఇంటికి తిరిగెళ్లండి అని పంపిన జిల్లా ఇదే మరి.

మంచి జరగలేదా అంటే జరిగింది, చిన్న చిన్నవి. గోమాలో యూఎన్ స్థావరంలో నెలల తరబడి ఇరుక్కుపోయిన వందల మంది కాంగో సైనికుల్ని, పోలీసుల్ని, కుటుంబాల్ని 2025 ఏప్రిల్ ఆఖర్లో రెడ్‌క్రాస్ కాన్వాయ్ పెట్టి ఫ్రంట్‌లైన్ దాటించి తీసుకెళ్లింది, దానికి ఎం23 కూడా ఒప్పుకుంది. సెప్టెంబర్లో ఖైదీల మార్పిడికి, అక్టోబర్లో కాల్పుల విరమణ పర్యవేక్షణకి పద్ధతి రాసుకున్నారు. నవంబర్ 15న దోహాలో పెద్ద ఫ్రేమ్‌వర్క్ సంతకమైంది, దాంట్లో ఎనిమిది ప్రోటోకాల్స్. సంతకం రోజుకి తేలినవి ఆ పాత రెండే, ఖైదీలు, కాల్పుల విరమణ. సాయం లోపలికి ఎలా వెళ్లాలి, ప్రభుత్వ పాలన ఎలా తిరిగి రావాలి, నిర్వాసితులూ శరణార్థులూ ఎలా వెనక్కి వెళ్లాలి, ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం లిస్టులో. మళ్లీ అదే వరస. అక్టోబర్ 30న పారిస్‌లో 150 కోట్ల యూరోల హామీలు వచ్చాయి, గోమా ఎయిర్‌పోర్ట్ సాయం విమానాలకి తెరుస్తామని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ప్రకటించాడు, ఎయిర్‌పోర్ట్ తాళం ఉన్నది ఎం23 దగ్గర, వాళ్లేమో మమ్మల్ని అడగలేదు అన్నారు.

డిసెంబర్ 4న వాషింగ్టన్‌లో ట్రంప్ పక్కన కగామే, చిసెకెడి ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ వారంలోనే దక్షిణ కివులో ఎం23 ముందుకి కదిలి, బురుండీ సరిహద్దులో టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న ఉవీరా నగరంలోకి చొచ్చుకెళ్లింది. పదుల వేల మంది బురుండీలోకి పరుగెత్తారు. అమెరికా గట్టిగా కోప్పడ్డాక, అక్కడి నుంచి వెనక్కి తగ్గుతామని ఎం23 చెప్పింది. కాగితం మొత్తం కన్నా, కాగితం ఉల్లంఘిస్తే ఎవరు ఏం పోగొట్టుకుంటారనే భయమే ఇక్కడ కొంచెమైనా కదలిక తెచ్చింది, 2013లో లాగానే.

ఇక మిగిలిన ప్రోటోకాల్స్‌లో నిర్వాసితులది రాసేటప్పుడు అసలు ప్రశ్నలు మూడే, మూడూ తల తినేవే. మసిసిలో ఒకే పొలానికి 1996లో పారిపోయిన కుటుంబం కాగితం, 2023లో పారిపోయిన కుటుంబం సాగు రెండూ ఉంటే తీర్పు ఎవరు చెప్తారు, సంప్రదాయ పెద్దా, కిన్షాసా కోర్టా, ఎం23 పెట్టిన ఆఫీసరా? రువాండా నుంచి వచ్చేవాళ్లలో ఎవరు కాంగో వాళ్లో ఎలా తేలుస్తారు, 1981 చట్టం కాలంలో కాగితాలే లేకుండా పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లు కాదు కొత్తవాళ్లని తెచ్చి దించుతున్నారు అని స్థానికుల అనుమానం. తిరిగెళ్లిన ఊళ్లో రాత్రి పూట కాపలా ఎవరిది? రువాండాలో దాదాపు 80,000 మంది, ఉగాండాలో 5 లక్షలకి పైగా కాంగో శరణార్థులు ఉన్నారు, 2025 ప్రారంభంలో దేశం లోపల నిర్వాసితులు 70 లక్షలు దాటారు. కాంగో, రువాండా, యూఎన్ శరణార్థుల సంస్థ కలిసి 2025 జులైలో అడిస్ అబాబాలో ఈ విషయం మీద మళ్లీ కూర్చున్నాయి, తిరిగి రావడం స్వచ్ఛందంగానే జరగాలని మళ్లీ రాసుకున్నాయి. భూమి తగాదాల గురించి మాట్లాడ్డానికి మాత్రం ఆ టేబుల్ దగ్గర మసిసి రైతులు గానీ, కిజీబాలో ఉన్నవాళ్లు గానీ ఎవరూ లేరు.